మొగల్తూరులో కదలని పూస

గోదావరి జిల్లాలకి వెళ్ళొచ్చానని తెలిసిన దగ్గర్నుంచీ మా అపార్ట్‌మెంట్లో అందరూ అడిగేది ఒకటే, పూతరేకులు ఏవీ అని. తెచ్చాను, రెండు పెట్టెలు. పంచాను కూడా. ఎలా ఉందంటే బాగుందన్నాను. కాలువలు, కొబ్బరిచెట్లు, కోతకొచ్చిన వరి, అన్నీ చూశానన్నాను. మిగతాది చెప్పడానికి నోరు రాలేదు. అది ఇక్కడ రాస్తున్నాను.

ముందు నా పనేంటో చెప్పాలి. సబ్బులూ టీపొడులూ అమ్మే కంపెనీలు జనం ఏమనుకుంటున్నారో తెలుసుకోవడానికి సర్వేలు చేయిస్తాయి. ఒకప్పుడు కాగితాల మీద జరిగేవి, ఇప్పుడన్నీ ఫోన్లోనే. ఫోన్లో కనిపించే ఆ ఫారాన్ని తయారుచేసేది నాలాంటివాళ్ళు. ఏ ప్రశ్న ముందుండాలి, అక్షరాలు ఎంత పెద్దగా ఉండాలి, వేలు ఎక్కడ పెట్టాలి, మనిషికి ఎక్కడ విసుగొస్తుంది, పద్నాలుగేళ్ళుగా నా బతుకంతా ఈ గొడవే. పుట్టింది నల్గొండ దగ్గర పల్లె, ఉండేది హైదరాబాదు. కోపం నా ముక్కు మీదే ఉంటుందని ఆఫీసులో అందరికీ తెలుసు.

ఈసారి సరుకు గిన్నెలు తోముకునే లిక్విడ్. ఇంకా బజార్లోకి రాలేదు. రెండు గోదావరి జిల్లాల్లో కొన్ని వందల ఇళ్ళకి ఒక్కో సీసా ఊరికే ఇచ్చారు. రెండు వారాలు వాడాక సర్వే అమ్మాయి మళ్ళీ వెళ్ళి ఫారం నింపించుకోవాలి. అందులో చివరి పది ప్రశ్నలకి మాత్రం ఇంటావిడే ఫోను చేతిలోకి తీసుకుని తనే జవాబివ్వాలి. సర్వే అమ్మాయి చూస్తుంటే మొహమాటపడతారని ఆ రూలు. జవాబు కోసం నేను అడ్డంగా ఒక గీత గీసి, దాని మీద నీలం పూస పెట్టాను. సున్నా నుంచి పది దాకా ఎంత నచ్చితే అంత దూరం పూసని వేలితో లాగడమే. చదువు రానివాళ్ళకి కూడా సులువని ఆఫీసులో చప్పట్లు కొట్టారు. నేను పొంగిపోయాను.

అంతా సవ్యంగా నడుస్తుంటే మొగల్తూరు వైపు తిరిగే సర్వే అమ్మాయి కరుణ పేరు పక్కన ఎర్ర గుర్తు పడింది. ఆమె పంపిన తొంభై ఆరు ఫారాల్లోనూ కదిలిన తీరుని బట్టి పూసని లాగిన చెయ్యి ఒక్కటేనని కంప్యూటరు పట్టేసింది. పైగా మిగతా చోట్ల ఇంటింటా తొమ్మిదులూ పదులూ వస్తుంటే ఈమె ఇళ్ళలో ఒకట్లూ రెండ్లూ. ఎక్కడో నీడపట్టున కూర్చుని తనే నింపేసి ఉంటుందన్నారు. మా వాళ్ళు వాటిని దొంగ ఫారాలంటారు. పన్నెండు ఇళ్ళు తిరిగి సంగతి తేల్చమని నన్ను పంపారు. దొంగవని తేలితే సర్వే చెయ్యడానికి ఆమెకిచ్చిన నంబరు మూసేస్తారు. ఒకచోట నంబరు మూతపడితే ఇంకే ఏజెన్సీ పిలవదు, పేర్లు ఒకరి నుంచి ఒకరికి చేరిపోతాయి. అంటే నేను వెళ్తున్నది ఒక ఆడమనిషి బతుకుతెరువు తేల్చడానికి. రైలెక్కినప్పుడు నాకు ఆ బెంగేమీ లేదు. నా ఫారాన్ని పాడుచేసిందన్న కోపమే ఉంది.

రాజమండ్రి

వంతెన మీదికి రైలు రాగానే పెట్టెలో సగం మంది కిటికీల దగ్గరికి చేరారు. ఎదురు సీటు పెద్దావిడ గోదావరిలో వెయ్యమని నాకు రూపాయి బిళ్ళ ఇవ్వబోయింది. నా దగ్గర చిల్లర లేదని ఎలా కనిపెట్టిందో మరి. నిజంగానే లేదు, అంతా ఫోన్లోనే కదా. పరాయి సొమ్ముతో దణ్ణమేంటని వద్దన్నాను. ఆవిడ చిన్నబుచ్చుకుంది. ఆ జిల్లాలో నా మొదటి పని అదన్నమాట.

అక్కడి ఏజెన్సీ చూసే మూర్తి గారు స్టేషన్‌కే వచ్చారు. అరవై దాటిన మనిషి, గొంతు ఎప్పుడూ లేవదు. రోజ్ మిల్క్ తాగితేగానీ కదలనివ్వలేదు. గ్లాసు నలభై రూపాయలు, హైదరాబాదులో నూట ఇరవై పెట్టినా ఆ చిక్కదనం దొరకదు. మధ్యాహ్నం వాళ్ళింట్లోనే భోజనం. ఆవ పెట్టిన పనసపొట్టు కూర, మామిడికాయ పప్పు, గడ్డపెరుగు. తినలేనంటే వాళ్ళావిడ, “అదేంటండీ, ఇంకా మొదలే పెట్టలేదు మీరు” అంటూ మళ్ళీ వడ్డించింది. మా వైపు పెట్టేటప్పుడు పెడతారు, చాలంటే ఆపేస్తారు.

కరుణ గురించి అడిగితే మూర్తి గారు ఏదీ తేల్చి చెప్పలేదు. మంచి పిల్లండి అన్నారు. ఎనిమిదేళ్ళుగా చేస్తోందండి అన్నారు. ఆ ఫారాల గురించి ముందే మీకేమైనా చెప్పిందా అంటే, ఏదో అన్నట్టే గుర్తండి, మరి మీ కంప్యూటరు కాదన్నాక మేమేం అనగలమండి అన్నారు. అన్ని ‘అండి’ల మధ్య అసలు మాట ఎక్కడుందో నాకు చిక్కలేదు. నల్గొండలో అయితే ఈపాటికి అవునో కాదో ముఖం మీద చెప్పేసేవాళ్ళు. గట్టిగా నిలదీద్దామనుకున్నాను. కానీ కడుపు నిండా పెట్టిన ఇంట్లో గొంతు ఎలా లేస్తుంది?

మండపేట

కరుణ ఇళ్ళకి వెళ్ళే ముందు, మచ్చలేని ఇళ్ళలో నా ఫారం ఎలా నడుస్తోందో చూడాలి. అందుకే రెండోరోజు మండపేట వెళ్ళాను. రోడ్డుకి ఒక పక్కంతా రెండో పంట దాళ్వా ధాన్యం ఎండబోసి ఉంది, రెండో పక్క మిల్లుల ముందు లారీల వరస. ఊకదుమ్ము గాలిలోనే ఉంటుంది. అరగంటకి గొంతులో గరగర, గంటకి దగ్గు. అక్కడివాళ్ళెవరూ దగ్గినట్టు కనపడలేదు. అడిగితే అలవాటైపోయిందండి అన్నారు.

మిల్లు గుమస్తా భార్య ఒకావిడ మంచినీళ్ళిచ్చి కుర్చీ వేసింది. నా కళ్ళముందే సీసా తెచ్చి చూపించింది. వాసన తలనొప్పి తెప్పిస్తోందట, జిడ్డు రెండుసార్లు తోమితేగానీ పోవట్లేదట. ఇంట్లో ఎవరూ ముట్టుకోక అటక మీద పెట్టేశారట. మరి ఫారంలో ఎంత ఇచ్చారని చూస్తే అన్నిటికీ పదికి పది. నాకు మతిపోయింది. ఎందుకిచ్చారమ్మా అంటే ఆవిడే నన్ను వింతగా చూసింది.

“ఊరికే ఇచ్చినదానికి వంక పెడతామేంటండీ? పాపం ఆ అమ్మాయి ఎండలో నడిచి తెచ్చింది.”

మూడిళ్ళు తిరిగితే మూడిళ్ళలోనూ అదే వరస. సర్వే అమ్మాయి చూడకూడదని నేనంత ఆలోచించి పెట్టిన రూలు వీళ్ళ మర్యాద ముందు నిలవలేదు. చూసినా చూడకపోయినా ఒక్కటే. గుమ్మంలోకి వచ్చిన మనిషి మనసు నొప్పించరు. ఆ సాయంత్రం మడత కాజా కొనుక్కుని బస్టాండులో నిలబడి తిన్నాను. పాకం చీర మీద కారింది. ఈ జిల్లాల్లోంచి వచ్చిన పదుల్లో ఎన్ని నిజం పదులో అని ఒక్క క్షణం అనిపించింది. మర్నాటి బస్సు గొడవలో పడి మర్చిపోయాను.

పెనుగొండ

పెనుగొండలో వాసవీ అమ్మవారి గుడికి వచ్చేపోయే యాత్రికులతో వీధి వీధంతా నిండి ఉంది. నేనూ దర్శనం చేసుకుని బయటికొచ్చేసరికి చెప్పులు లేవు. గుడి ముందు కొట్లో రెండువందల యాభై పెట్టి కొన్న జత సాయంత్రానికి మడమ కొరికేసింది. దరిద్రం వదిలిందనుకోండి అని కొట్టాయన ఓదార్చాడు.

ఇక్కడ మాత్రం నా ఫారం పరుగులు తీసింది. వ్యాపారస్తుల ఇళ్ళు, ఆడవాళ్ళందరి చేతుల్లో సొంత ఫోన్లు. ఒకావిడ పప్పు తాలింపు వేస్తూనే ఎడమచేత్తో పది పూసలూ సర్రున లాగేసింది. నిమిషం పట్టలేదు. చాలా సులువుగా ఉందండి, ఎవరో తెలివైనవాళ్ళు చేసినట్టున్నారు అంది. అది చేసింది నేనే అని చెప్పేశాను. చెప్పుకుంటే సిగ్గుచేటు కానీ, ఆ మాటకి కాలి నొప్పి కూడా మర్చిపోయాను. పెసరట్టు ఉప్మా పెట్టింది, నా గురించి నాలుగు మాటలు అడిగింది. పూస బ్రహ్మాండంగా ఉంది, తప్పంతా మొగల్తూరు అమ్మాయిదేనని అక్కడే తేల్చేసుకున్నాను.

మొగల్తూరు, పొద్దున

నరసాపురం దాటాక వరి పలచబడుతుంది. రోడ్డుకి అటూ ఇటూ రొయ్యల చెరువులు, వాటిలో నీళ్ళు చిమ్ముతూ తిరిగే చక్రాలు. బస్సులో కిటికీ మూసినా వాసన లోపలికి వస్తుంది. చుట్టూ ఇన్ని నీళ్ళున్నా తాగడానికి పనికిరావు, ఇంటింటా డబ్బా నీళ్ళే కొంటున్నారు. డబ్బా ఇరవై. గోదావరి పక్కన నీళ్ళు కొనుక్కోవడం చూస్తే, ఫ్లోరైడు నీళ్ళు తాగి పెరిగిన మా వాళ్ళు గుర్తొచ్చారు.

బస్సు దిగేసరికి కరుణ నిలబడి ఉంది. ముప్ఫై ఏళ్ళుంటాయేమో, నూలు చీర, భుజాన సంచి, ఎండకి కమిలిన మొహం. వస్తున్నానని మూర్తి గారు చెప్పారట. ఇళ్ళు చూపిస్తానండి అంది. నువ్వు నా వెంట ఉండకూడదు, అది రూలు, ఇంటికెళ్ళు అన్నాను. ఒక్క మాట చెప్పాలండి అనబోయింది. చెప్పాల్సింది ఇళ్ళవాళ్ళు చెబుతారు అన్నాను. అలాగేనండి అని నీళ్ళ సీసా నా చేతిలో పెట్టి వెళ్ళిపోయింది. ఇప్పుడు తల్చుకుంటే నా గొంతు నాకే అసహ్యంగా ఉంది.

నా పరిశీలనకి వేరే చిన్న ఫారం ఉంది, అదీ ఫోన్లోనే. మూడే ప్రశ్నలు. సర్వే అమ్మాయి వచ్చిందా? ఎంతసేపు ఉంది? చివరి పది జవాబులూ మీరే స్వయంగా నొక్కారా? ఏ ఒక్క జవాబు కలవకపోయినా ఆ ఇంటికి ‘తేడా’ అని నొక్కాలి. ఒక్కో ఇంటి జవాబులు పంపేశాక మళ్ళీ మార్చడానికి వీల్లేదు. సగం ఇళ్ళ కంటే ఎక్కువ తేడా వస్తే వారాంతంలో అందరం కూర్చుని నంబరు సంగతి తేల్చడం మా పద్ధతి.

మొదటి ఇంటావిడ, కరుణ గంటసేపు కూర్చుందండి అంది. నా దగ్గరున్న లెక్కలో ఆ ఇంట్లో ఫారం పన్నెండు నిమిషాల్లో అయిపోయింది. తేడా ఉందని నొక్కాను. రెండో ఇంట్లో గంటన్నర అన్నారు. మూడో ఇంట్లో భోంచేసి మరీ వెళ్ళిందన్నారు. నాలుగో ఇంట్లో, ఐదో ఇంట్లో కూడా గంటలే. మీరే నొక్కారా అంటే అందరిదీ ఒకటే మాట, మేమే నొక్కామండి, కరుణ అసలు ఫోను ముట్టుకోలేదండి. ఐదుగురూ ఒకే పాఠం అప్పజెప్పినట్టు చెప్పారు. నాకు ఒళ్ళు మండిపోయింది. నేను వస్తున్నానని తెలిసి ఇల్లిల్లూ తిరిగి నేర్పించి పెట్టిందనుకున్నాను. ఐదు తేడాలు నొక్కి పంపేశాను. హైదరాబాదులో మా పై ఆఫీసరుకి ఫోన్ చేసి, మీరన్నది నిజమే, పచ్చి దొంగతనం అని కూడా అన్నాను. పచ్చి అన్న మాట నాదే.

మొగల్తూరు, మధ్యాహ్నం

ఆరో ఇల్లు చర్చి వెనక వీధిలో. సంతోషమ్మ అని యాభై ఏళ్ళ మనిషి, రొయ్యలు వలిచే షెడ్డులో పని. పొద్దుటి షిఫ్టు చేసి అప్పుడే వచ్చి ముంతలో మజ్జిగ తాగుతోంది. నాకూ ఇచ్చింది. కరుణ గంట కూర్చుందండి, నేనే నొక్కానండి అంటూ మొదలుపెట్టింది. నా ఓపిక అయిపోయింది. సరేనమ్మా, ఎలా నొక్కావో నాకూ చూపించు అని సర్వే ఫారం తెరిచి ఫోను ఆవిడ చేతిలో పెట్టాను.

తెర మీద ప్రశ్న: ఈ లిక్విడ్ మీ చేతులకు ఎంత మృదువుగా అనిపించింది?

సంతోషమ్మ పూస మీద వేలు పెట్టి లాగింది. పూస కదల్లేదు. కొంగుతో వేలు తుడుచుకుని మళ్ళీ లాగింది. కదల్లేదు. చూపుడు వేలు వదిలి బొటనవేలు, అది వదిలి రెండో చెయ్యి. నుదుటి మీద చెమట పట్టింది. పరీక్షలో తప్పిన పిల్లలా నా వైపు చూసి, ఫోను మంచిదేనండి, నా వేలే మంచిది కాదు అంది.

అప్పుడు ఆ వేళ్ళు చూశాను. చివర్లు తెల్లగా పాలిపోయి, గుంటలు పడి, చీలికలు చీలికలుగా ఉన్నాయి. ఎక్కడా గీతలు లేవు. రోజంతా ఐసు నీళ్ళలో, రొయ్య పెంకు కోసుకుంటూ, పదకొండేళ్ళుగా. రేషన్ దగ్గర కూడా వేలిముద్ర పడదట. వేలికి బదులు మిషనుకి కన్ను చూపించి తెచ్చుకుంటారట. మా షెడ్డులో అందరికీ అంతేనండి అంది.

మరి గంట కూర్చుందని చెప్పమని మీకు ఎవరు నేర్పారని అడిగాను. గొంతు తగ్గించే అడిగాను.

“ఎవరూ నేర్పలేదండి. పొద్దున్న మొదటింట్లో ఎంతసేపు కూర్చుందని మీరు గట్టిగా అడిగారంట కదా. తక్కువ చెబితే మా పిల్ల పని పోతుందేమోనని తలో కాస్తా పెంచుకున్నాం.”

ఒక్కో మాటా తనే చెప్పుకొచ్చింది. కరుణ మొదట వాళ్ళ చేతికే ఫోను ఇచ్చిందట. ఎవరి వేలికీ పూస కదల్లేదట. అప్పుడు ప్రశ్న చదివి, అంకె చెప్పమని, చెప్పిన అంకె దగ్గరికి తనే పూస లాగి, ఇదేనా అని మళ్ళీ చూపించి, అప్పుడుగానీ ముందుకి పోలేదట. మొహమాటానికి పది చెప్పబోతే తిట్టిందట కూడా. అక్కా, నాకు పదులొద్దు, మీ చేతులకి ఏమైందో అదే చెప్పండి అందట. ఆ లిక్విడ్ చీలికల్లోకి దిగి రాత్రుళ్ళు మంట పుట్టేదని, మృదువు ప్రశ్నకి సున్నా చెప్పానని సంతోషమ్మ అంది. వెంటనే నొచ్చుకుని, మీరేమీ అనుకోకండి, సీసా చాలా బాగుంది అంది.

పరాయి అమ్మాయికి మండపేట పదులిచ్చింది. ఇంటి పిల్లకి మొగల్తూరు నిజం చెప్పింది. రెండు జిల్లాల మొత్తం మీద నిజం చెప్పిన ఫారాలు ఈ తొంభై ఆరే కావచ్చు. వాటినే దొంగవని నేను పట్టుకోవడానికొచ్చాను. సంతోషమ్మ ముందు కూర్చుని ఏడ్చేస్తానేమోనని భయమేసి, ఫోను చూసుకుంటున్నట్టు తల దించుకున్నాను.

ఫోన్లో నా ఫారం ఎదురు చూస్తోంది. స్వయంగా నొక్కారా? అవును, కాదు. నిజం చెప్పాలంటే ‘కాదు’ అనే నొక్కాలి. కానీ ఆ ‘కాదు’ వెనకాల ఇంత కథ ఉంది. నేను అబద్ధం నొక్కే మనిషిని కాదని నాకు పొగరు. కాదు నొక్కి, సంగతంతా సాయంత్రం పై ఆఫీసరుకి నోటితో చెబితే సరిపోతుందనుకున్నాను. ఫారం తయారుచేసిందే నేను, నా మాట వినరా? సంతోషమ్మ ఇంటికి కాదు నొక్కాను. మిగతా ఆరిళ్ళలోనూ షెడ్డు చేతులే. అక్కడా కాదు, కాదు, కాదు. ఆ ఏడిళ్ళలో ఆరింట అవునని అబద్ధం ఆడి ఉంటే తేడాలు సగం దాటేవి కావు. ఆ లెక్క నాకు అప్పుడు తట్టలేదు.

కరుణ ఇల్లు

ఎండ తగ్గాక వెతుక్కుంటూ వెళ్ళాను. రెండు గదుల పెంకుటిల్లు. వాళ్ళ నాన్నగారు చర్చి బడిలో మాస్టారుగా చేసి పోయారట, వాళ్ళమ్మ కూడా షెడ్డుకే వెళ్తుంది. కరుణ నన్ను చూసి లేచి నిలబడింది. పొద్దున్న అన్న మాటలకి క్షమించమని అడిగాను. అయ్యో అదేంటండీ, మీ డ్యూటీ మీరు చేశారు అంది. తాటిముంజలు కొట్టించి తెచ్చి పెట్టింది. వేలితో తోలు తీసి ఒక్కొక్కటే నా చేతిలో పెట్టింది.

వేలు పడని సంగతి ఎవరికైనా చెప్పావా అని అడిగాను. మొదటి రోజే మూర్తి గారికి ఫోన్ చేసిందట. ఎలాగో కానివ్వమ్మా, హైదరాబాదు వాళ్ళకి ఇవన్నీ చెబితే ఏం బాగుంటుంది అన్నారట ఆయన. పోనీ ఫారంలోనే రాసి ఉండొచ్చు కదా అన్నాను.

“ఎక్కడ రాయాలండి?” అంది కరుణ.

ఫోను తీసి మొదటి నుంచీ చివరి దాకా జరిపి చూపించింది. నేను చూడక్కర్లేదు. చివర్లో ‘ఇంకేమైనా చెప్పాలా’ అని ఒక డబ్బా ఉండేది. ఎవరూ ఏమీ రాయరు, ఫారం పొడుగవుతోంది, జనానికి విసుగు అని వాదించి తీయించింది నేనే. అందుకూ ఆఫీసులో చప్పట్లు కొట్టారు. ఆ మాట కరుణకి చెప్పాను. ఆమె ఫోను పక్కన పెట్టి ఇంకో ముంజ తోలు తీసింది. కోప్పడితే బాగుండేది.

వెళ్ళేటప్పుడు గుమ్మం దాకా వచ్చి, మెల్లగా అడిగింది. పని సంగతి దేవుడి దయ. కానీ ఇవాళ మీరు కరుణ నిజంగా వచ్చిందా అని పన్నెండు ఇళ్ళలో అడిగారు కదండీ, ఆ మాట ఇప్పటికే ఊరంతా పాకింది, నా పేరుకి ఏమీ కాదు కదా అంది. ఏమీ కాదు, నేను చూసుకుంటాను అన్నాను. ఎంత తేలిగ్గా అన్నానో.

నరసాపురం

ఆ సాయంత్రం నుంచీ పై ఆఫీసరుకి నాలుగుసార్లు ఫోన్ చేశాను, ఎత్తలేదు. పొడుగాటి మెసేజ్ పెట్టాను. మర్నాడు పొద్దున్న నరసాపురంలో టిఫిను ముందు కూర్చున్నాను. పక్కనే లేసు అల్లికల కొట్టు, టేబుల్ గుడ్డ ఆరువందలు చెబుతున్నారు. ఫోను మోగింది. ఆఫీసరు కాదు, మూర్తి గారు. కరుణ నంబరు మూసేసినట్టు మెసేజ్ వచ్చిందండి, తొంభై ఆరు ఫారాలూ కొట్టేశారండి అన్నారు. పన్నెండుకి పన్నెండూ తేడాలు కనపడగానే వారాంతం దాకా ఆగకుండా మూసేశారట. నేను ముందురోజు పొద్దున్న ఫోన్లో అన్న పచ్చి దొంగతనం మాట కూడా ఆ కాగితంలో రాసుకున్నారట, నా పేరుతోనే.

తల కొట్టేసినట్టయింది. ఇడ్లీ అలాగే వదిలేసి ఆఫీసరుకి చేశాను. ఈసారి ఎత్తాడు. అంతా చెప్పాను, వేళ్ళు, ఐసు, రేషను, అన్నీ. ఓపిగ్గానే విన్నాడు. జాలిపడ్డాడు కూడా. ఇంటావిడ నొక్కాలి అన్నది రూలు, ఆమె నొక్కలేదని మీరే తేల్చారు కదా అన్నాడు. కొట్టేసిన ఫారాల జాబితా కంపెనీకి వెళ్ళిపోయింది, ఒకరి కోసం వెనక్కి తీసుకుంటే మిగతావన్నీ అనుమానిస్తారు, ఈ పాఠం తర్వాతి ఫారానికి పనికొస్తుంది అన్నాడు. కొట్టు ముందు నిలబడి అరిచాను. లేసు అల్లుకుంటున్న ఆడవాళ్ళు తల తిప్పుకున్నారు, నేను సిగ్గుపడకుండా ఉండడానికి. రైలు టైమయింది. పూతరేకులు కొన్నది ఆ గాభరాలోనే, ఎందుకు కొన్నానో తెలియదు.

హైదరాబాదు

వచ్చాక చెయ్యగలిగింది చేశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అనుకోండి. పూస తీసేసి పెద్ద పెద్ద అంకెల బొత్తాలు పెట్టాను. వేలు పడనివాళ్ళు నోటితో చెబితే రికార్డయ్యేలా చేశాను. రాసుకునే డబ్బా మళ్ళీ పెట్టాను. ఆఫీసులో మళ్ళీ చప్పట్లు కొట్టారు. కరుణ ఫారాలు లేకుండా లెక్క తీస్తే లిక్విడ్‌కి చేతుల మృదుత్వంలో మంచి మార్కులొచ్చాయి. సీసా మీద ఆ మాటే వేస్తున్నారు. నంబరు తెరిపించమని మూడు ఉత్తరాలు పెట్టాను. చూస్తున్నామన్నారు.

మూడో వారంలో కరుణకి ఫోన్ చేశాను. ఇంకో ఏజెన్సీ ఆరోగ్య సర్వేకి మనుషుల్ని తీసుకుందట, ఈమెని పిలవలేదట. దానికంటే ఊరే ఎక్కువ బాధగా ఉందంది. దొంగ అని ఎవరూ అనట్లేదట. ఎదురుపడిన ప్రతివాళ్ళూ అయ్యో పాపం అంటున్నారట. నిప్పు లేనిదే పొగ రాదుగా అని వెనక అనుకుంటున్నారట. చర్చిలో ఆదివారం బడి పిల్లలకి ఆమె చెప్పే పాఠం ఈ నెల ఇంకొకరిని చెప్పమన్నారట, నువ్వు కాస్త విశ్రాంతి తీసుకోమ్మా అని, ఎంతో మర్యాదగా.

నేనేం చెయ్యగలను చెప్పు అన్నాను.

“మీరొక్కసారి రండి మేడమ్. ఆ పన్నెండు ఇళ్ళకీ వెళ్ళి, కరుణ తప్పు చెయ్యలేదు, తప్పు మాదని మీ నోటితో చెప్పండి. అనుమానం మీరు తెచ్చారు కదండీ, మీరు చెబితేనే పోతుంది.”

తప్పకుండా వస్తానన్నాను. నిజంగానే అనుకున్నాను.

రెండు నెలలైంది. సెలవులున్నాయి, నరసాపురానికి రోజూ రైలుంది. రెండుసార్లు టికెట్టు తీసి రద్దు చేశాను. పన్నెండు గుమ్మాల ముందు నిలబడి ఏం చెప్పాలో నాకు వరసగా తెలుసు. వెళ్ళడానికి ముఖం చెల్లడం లేదు. కరుణ మళ్ళీ ఫోన్ చేసి అడగలేదు, ఆమె అడగదు కూడా.